డాలర్ నోటు మీద గద్ద బానే ఉంది, మరి గూట్లో గద్ద?

డాలర్ నోటు మీద రెక్కలు చాపుకుని ఉంటుంది కదా తెల్లతల గద్ద, అదే బాల్డ్ ఈగిల్, 1782 నుంచి అమెరికా ప్రభుత్వ ముద్రలో ఉంది. అంత గౌరవం ఇచ్చిన దేశంలోనే అలాస్కాలో 1917 నుంచి 1953 దాకా, సాల్మన్ చేపలు తినేస్తోందని చెప్పి గద్దను చంపినోళ్లకి డబ్బులిచ్చారు, లక్షకు పైగా చచ్చిపోయాయి. నా ఉద్దేశంలో ముద్ర వల్ల ఈ పక్షికి ఒరిగిందేమీ లేదు, కాపాడింది చట్టాలే.

దీని బతుకు చాలా నిదానం. తల తెల్లబడటానికే నాలుగైదేళ్లు పడుతుంది, జోడీ కుదిరాక ఏటా అదే గూటికొచ్చి పుల్లలు పేర్చుకుంటూ పోతుంది, ఫ్లోరిడాలో ఒక గూడైతే ఆరు మీటర్ల లోతు, రెండు టన్నులకు పైగా బరువు. పెట్టేది ఒకటి నుంచి మూడు గుడ్లు, ఆడా మగా వంతులేసుకుని 35 రోజులు పొదుగుతాయి. గూట్లో తిరిగేటప్పుడు గోళ్లు గుచ్చుకోకుండా పంజాని పిడికిలిలా ముడుచుకుని గుడ్ల మధ్య అడుగులేస్తాయి, చూస్తే ముచ్చటేస్తుంది. అంత జాగ్రత్తగా ఉండే పక్షి కిందే గుడ్లు చితికిపోయాయి, ఎందుకంటే పొలాల్లో, చిత్తడి నేలల్లో కొట్టిన డీడీటీ అనే పురుగుమందు నీళ్లలోకి, చేపల్లోకి, అక్కడ్నుంచి గద్ద ఒంట్లోకి చేరి పెంకుల్ని పల్చన చేసేసింది. 1963 నాటికి అలాస్కా, హవాయి కాకుండా మిగతా అమెరికా మొత్తంలో మిగిలింది 417 జంటలే.

1972లో డీడీటీని నిషేధించారు, చంపితే శిక్షలు పెట్టారు, గూళ్ల జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తీసేశారు, 2021లో చెప్పిన లెక్క, జంటలు కాదు, మొత్తం గద్దలు, 3 లక్షల 16 వేలకు పైనే. మన దగ్గర పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువులు చచ్చాక తిన్న రాబందుల్ని ఇలాగే తుడిచిపెట్టేసింది, దాన్ని 2006లో ఆపారు గానీ అప్పటికే చాలా ఆలస్యమైపోయింది.

అందుకే లెక్క పెరిగిందని ఊరుకోకూడదంటాను. చలికాలంలో చేపలు దొరక్క ఈ గద్దలు చచ్చిన జంతువుల మీద వాలతాయి, వేటగాళ్లు జింకని కోసి పేగులు అక్కడే వదిలేస్తే అందులో తూటా నుంచి చిట్లిన సీసం ముక్కలుంటాయి, కంటికి కూడా ఆనవు, అవి మింగేస్తే ఎగరలేక నేలమీదే కూలబడిపోతాయి. 38 రాష్ట్రాల్లో 1,200కు పైగా బాల్డ్, గోల్డెన్ ఈగిల్స్‌ని పరీక్షిస్తే దాదాపు సగం వాటి ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకున్న సీసం విషం ఉందని 2022లో తేలింది. రాగి తూటాలు ఎప్పట్నుంచో షాపుల్లో దొరుకుతున్నాయి, కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసం తూటాల్ని పూర్తిగా ఆపేసింది కూడా. మిగతా రాష్ట్రాలు ఇంకా దేనికోసం ఆగుతున్నాయో నాకైతే అర్థం కావట్లేదు.