లేబర్ రూమ్‌లో ఆమెకేం పని?

హైదరాబాద్ కాన్పు గదులకు కొత్త బెడద పట్టుకుంది. డూలా అట. సూది వెయ్యదు, లోపరీక్ష చెయ్యదు, మందు రాయదు. నొప్పులు ముదిరిన దగ్గర్నుంచి పురుడయ్యేదాకా గర్భిణి పక్కనుంచి కదలదు, అంతే. కదలకపోవడమే ఉద్యోగమైనవాళ్లను ఇన్నాళ్లూ సర్కారీ ఆఫీసుల్లోనే చూశాం.

మన పద్ధతికేం తక్కువైందని? పంతులుగారు ముహూర్తం పెడతారు, అత్తగారు ఖాయం చేస్తారు, డాక్టరమ్మ ఆ టైముకు థియేటర్ ఖాళీ ఉందో లేదో చూస్తారు, భర్త ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర ఆధార్ జిరాక్స్ వెతుక్కుంటాడు. కనాల్సినామెను ఇబ్బంది పెట్టకుండానే అన్నీ తేలిపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5 శాతం. ఇంత ఘనత ఎవరో వచ్చి నడుం నొక్కితే ఏం కావాలి?

నొక్కడమంటే ఏదో నిమరడం కాదు. బిడ్డ తల వెనకభాగం తల్లి వెన్ను వైపు ఉంటే నొప్పి తరచూ నడుములోకే దిగుతుంది. అప్పుడు డూలా మణికట్టు దగ్గరి అరచేతి గట్టి భాగాన్ని పిరుదుల చీలికకు పైనున్న ఎముక మీద ఆనించి, నొప్పి ఉన్నంతసేపూ బలంగా అదిమి పడుతుంది. తగ్గగానే వదిలేస్తుంది. మళ్లీ నొప్పి, మళ్లీ అదమడం, గంటల తరబడి. మధ్యలో రెండు గంటలకోసారి బాత్‌రూమ్‌కు లేపుతుంది. మూత్రాశయం నిండితే బిడ్డ తల దిగడానికి అడ్డమట. వెల్లకిలా పడుకోనివ్వదు, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బీపీ పడిపోతుందట. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, ఎపిడ్యూరల్, ఇచ్చాకైనా ఊరుకుంటుందా? మోకాళ్ల మధ్య వేరుశనక్కాయ ఆకారపు బాల్ పెట్టి అరగంటకో గంటకో పక్క మారుస్తుంది. ఆస్పత్రివాళ్లు అంత డబ్బు పోసి మంచం కొన్నది వెల్లకిలా పడుకోబెట్టడానికి కాదూ!

భర్తనూ వదలదు. వీడియో తీసుకుంటున్నవాడి చేత ఫోన్ పక్కన పెట్టించి, భార్య తుంటికి రెండువైపులా అరచేతులు వేసి లోపలికీ కొంచెం పైకీ ఒత్తమంటుంది. పది నొప్పులు దాటేసరికి వాడి భుజాలు పట్టేస్తాయి. కారిడార్‌లో పచార్లు చేసే జన్మహక్కు ఏమైపోవాలి?

వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష 26 పరిశోధనలు, 15 వేలకు పైగా స్త్రీల వివరాలు కలిపి చూసి, పక్కన ఎవరో ఒకరు విడవకుండా ఉంటే సిజేరియన్లు, నొప్పుల సమయం కొంత తగ్గుతున్నాయని చెప్పింది. సర్కారీ ఆస్పత్రుల కాన్పు గదులను బాగుచెయ్యడానికి అదే ఏడాది కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమమూ కాన్పు గదిలో తోడు ఉండాలంది. మంచానికీ మంచానికీ మధ్య తెర లేనిచోట తోడును ఎలా రానిస్తారయ్యా? తెర కొనడం కంటే తోడును ఆపడం చవక.

డూలాల్లో మనకు పనికొచ్చేవాళ్లూ లేకపోలేదు. మన దేశంలో ఈ పనికి లైసెన్సు గొడవ లేదు గనక, నాలుగు రోజుల కోర్సు చేసొచ్చి, బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని డాక్టర్ ఆపరేషన్‌కు సిద్ధమవుతుంటే ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచి “ఇంకాస్త ఆగుదాం” అనేవాళ్లుంటారు. వాళ్లను నిషేధించొద్దు. మన బంధువుల్లో ఇట్టే కలిసిపోతారు.

మిగతావాళ్లను ఆపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. పేషెంట్‌కు ఒక్కటే అటెండెంట్ పాస్ అన్న నిబంధన చాలాచోట్ల ఉండనే ఉంది. భర్తో, అమ్మో, డూలానో వాళ్లే తేల్చుకుంటారు. ఎలాగూ ఆ పాస్ అత్తగారి హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది.