పరిమితి బురదకు కాదు, పొలానికి పెట్టాలి

మురుగు శుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. వాటి వెంటే కాడ్మియం, సీసం, జింక్, నికెల్ కూడా పొలానికి చేరతాయి. ఇదంతా తెలిసిందే. అయినా చర్చ ఎప్పుడూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతోంది: కిలో బురదలో లోహం ఎన్ని మిల్లీగ్రాములుంది? అసలు ఆ ప్రశ్నే తప్పు. ఈ హెక్టారు నేలలోకి ఇప్పటిదాకా మొత్తం ఎంత దిగిందని అడగాలి.

లెక్క కట్టి చూద్దాం. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,000 టన్నులు తూగుతుంది. కిలోకు 10 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్న బురదను ఏటా పొడి బరువున 5 టన్నులు వేస్తే పొలంలోకి 50 గ్రాములు దిగుతుంది. మరి బయటికి పోయేదెంత? కిలోకు 0.1 మిల్లీగ్రాము ఉన్న ధాన్యం 5 టన్నులు పండినా పంటతో పోయేది అర గ్రామే. అంటే వంద పాళ్లు వేసి ఒక్క పాలు తీస్తున్నాం. లోహం కుళ్లదు, ఆవిరైపోదు, లోతుకు ఇంకడం కూడా అంతంత మాత్రమే. కిలో మట్టికి 0.3 మిల్లీగ్రాముతో మొదలైన పొలం 28 ఏళ్లలో 1 మిల్లీగ్రాముకు చేరుతుంది. అదీ, ఏ ఒక్క లోడూ పరిమితి దాటకుండానే.

నిబంధనలు కాపాడతాయా? 1986 నాటి యూరప్ ఆదేశం కిలో మట్టిలో కాడ్మియం హద్దును 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య పెట్టుకోమంటుంది. అదే ఆదేశం పదేళ్ల సగటున హెక్టారుకు ఏటా 150 గ్రాములు వేసుకోనిస్తుంది. ఆ జోరున మన పొలం పదేళ్లు తిరగకముందే కింది హద్దును తాకుతుంది. 1993లో వచ్చిన అమెరికా నిబంధనది మరీ పెద్ద మనసు: హెక్టారుకు మొత్తం 39 కిలోలు, అంటే కిలో మట్టికి దాదాపు 20 మిల్లీగ్రాములు. పైగా బురదలో కిలోకు 39 మిల్లీగ్రాములకు మించకపోతే ఆ మొత్తాన్ని లెక్క రాయనక్కర్లేదు! తానున్నది అట్లాంటిక్‌కు ఏ ఒడ్డునో మొక్కకేం తెలుసు?

బురదను సమర్థించేవాళ్ల మాటలోనూ కొంత నిజముంది. సీసం, క్రోమియం చాలావరకు వేరు దగ్గరే ఆగిపోతాయి. జింక్, రాగి, నికెల్ మనిషికి హాని చేసే స్థాయికి చేరేలోపే మొక్క దెబ్బతింటుంది. సేంద్రియ పదార్థం, ఇనుప ఆక్సైడ్లు లోహాన్ని పట్టి ఉంచుతాయి. ఒప్పుకుందాం.

కానీ కాడ్మియం ఈ అడ్డుగోడను దాటుకుని పోతుంది. పైరు పచ్చగా, ఏపుగా ఉండగానే ఆకులోకి చేరుతుంది. తీరా మనిషి మూత్రపిండాల్లో చేరాక, అందులో సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. దాని తాళంచెవి పీహెచ్, అంటే నేల పులుపును చూపే అంకె; అది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. బురదలోని అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు నేల పులుస్తుంది. పీహెచ్ 6 కంటే దిగితే మట్టి పట్టు సడలి కాడ్మియం, జింక్ వేరుకు అందుతాయి. సున్నం వేసి 6.5 దగ్గర నిలబెట్టొచ్చు, నిజమే. అయితే బురద మానేసిన తర్వాత కూడా ఆ సున్నం ఎప్పటికీ వేస్తూనే ఉండాలి. సాగునీటిలో క్లోరైడ్ ఎక్కువైతే సున్నం వేసినా కాడ్మియం కదులుతుంది. వరిలో నీళ్లు నిలిచినంతకాలం సల్ఫైడ్‌గా కట్టుబడి ఉంటుంది, కోతకు ముందు మడి ఆరబెట్టగానే విడుదలవుతుంది. పాలకూర, లెట్యూస్ లాంటి ఆకుకూరలు గింజ పంటల కంటే ఎక్కువ పీలుస్తాయి. కడిగితే ఆకు మీది దుమ్ముతోపాటు కొంత సీసం పోతుంది గానీ లోపలి కాడ్మియం పోదు.

జింక్ ఎక్కువైనా తిప్పలే. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు ఆకుపచ్చగా మిగిలితే, ఇనుము లోపమనుకుని అన్నభేది పిచికారీ చేస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. ఇంగ్లండ్‌లోని వోబర్న్ ప్రయోగ క్షేత్రంలో 1942 నుంచి 1961 దాకా బురద వేశారు. ఆపేసి దశాబ్దాలు గడిచినా లోహాలు పైమట్టిలోనే ఉన్నాయి. క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా చచ్చిపోయింది, బతికిన రకానికి ఆ పని చేతకాలేదు. ఎరువు పేరుతో వేసింది నేల సొంత ఎరువుల కార్ఖానానే మూసేసింది.

ల్యాబ్ కాగితం కూడా జాగ్రత్తగా చదవాలి. 80 శాతం నీరున్న బురదకు తడి బరువు మీద 2 మిల్లీగ్రాములని రాస్తే, పొడి బరువు మీద అది 10. రంపపుపొట్టు కలిపి కంపోస్టు చేస్తే అంకె తగ్గుతుంది, లోహం తగ్గదు. మట్టి నమూనా 15, 20 చోట్ల నుంచి తీసి కలపాలి. జింక్ పూత ఉన్న పారతో, బకెట్‌తో తీస్తే ఆ పూతే ఫలితంలోకి ఎక్కుతుంది.

ఇంతకీ ఈ లోహం ఎవరిది? లోహపు పూత యూనిట్ల మురుగు, ఇళ్ల మురుగు, టైర్ల అరుగుదలను కడిగే రోడ్ల వాన నీరు అన్నీ ఒకే కాలువలో కలిపేది నగరం. బురద వదిలించుకునే ఖర్చు తగ్గి లాభపడేదీ నగరమే. నేల పాడైతే భరించాల్సింది మాత్రం రైతు. ఉచితంగా ఇస్తున్నామంటున్నారు, నిజానికి రైతు నేలను చెత్తకుండీగా ఉచితంగా వాడుకుంటున్నారు. స్విట్జర్లాండ్ 2006 నుంచి పొలాల్లో బురద వాడకాన్ని నిషేధించింది. అంత దూరం వెళ్లలేని చోట కనీసం ఒక పని చేయాలి: ప్రతి లోడు పొడి బరువు, అందులోని లోహాల గ్రాములు పంపినవాళ్లే సంతకం పెట్టి ఆ పొలం రికార్డులో ఎక్కించాలి. పొలం అమ్మినప్పుడు దస్తావేజుతోపాటు ఆ కాగితం కూడా చేతులు మారాలి.