ఫ్రంట్ డెస్కులో రెవెన్యూ బాబాయి

చిత్తూరు జిల్లాలో తహసీల్దారు ఆఫీసు గుమాస్తాగా 30 ఏళ్లకు పైగా చేసి రిటైరైన మా బాబాయి, కూతురి దగ్గర ఉందామని బెంగళూరు మారతహళ్లి వచ్చాడు. వచ్చిన నెలకే అపార్టుమెంట్ మెయింటెనెన్స్ లెక్కల్లో తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. ఈ మనిషిని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టకపోతే మనకే గొడవ అనుకుందో ఏమో, పక్క ఫ్లాట్ డాక్టరమ్మ తన క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ పని నేర్చుకోమంది.

పని నేర్పేది ఇరవై దాటిన ఓ కన్నడ అమ్మాయి. తెలుగు బాగానే వచ్చు, ఓపిక అంతకంటే ఎక్కువ. జ్వరంతో వణుకుతూ వచ్చిన మొదటి పేషెంటును బాబాయి కళ్లద్దాల పైనుంచి చూసి, "ఈ విషయమై గతంలో అర్జీ పెట్టుకున్నారా?" అన్నాడు.

"కొత్త పేషెంటా, పాత పేషెంటా అని అడగాలి అంకుల్."

"నేనడిగిందీ అదేగా!"

మందుల చీటీ దగ్గర ఇంకో తంటా. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు అని ఆ అమ్మాయి చెబుతుంటే, టీడీఎస్ దగ్గర బాబాయి మొహం మాడిపోయింది. జీతంలో ఆ పేరుతో పన్ను కోత పడినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. మాత్ర పేరు పక్కన 'డీటీ' అని కనబడితే డిప్యూటీ తహసీల్దారు గుర్తొచ్చి కాస్త సర్దుకుని కూర్చున్నాడు. నీళ్లలో కరిగే మాత్రను అలా రాస్తారట. అన్నిటికంటే పెద్ద దెబ్బ రికార్డుల సంగతి. పేషెంటు తన రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉందని వినగానే, "మూడు రోజులకే నకలా! ఇంక ఆఫీసుకు విలువేముంటుంది?" అన్నాడు.

ఆ శనివారం పిన్ని ఇచ్చిన టిఫిన్ డబ్బా అందించడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి భోజనానికి వెళ్లింది. కౌంటర్‌లో బాబాయి ఒక్కడే. హాలు నిండా జనం. తర్వాత లోపలికి పంపాల్సిన ఫైలు మీద 'కె. వెంకటరమణ' అని ఉంది. పిలిస్తే ఇద్దరు లేచారు. ఒకాయనది కడప, కె అంటే ఇంటిపేరు. ఇంకొకాయనది కోలారు, కె అంటే తండ్రి కృష్ణప్ప.

పేరొక్కటే చూసి లోపలికి పంపకూడదు, ఇంకో ఆనవాలు కూడా సరిచూడాలి అన్న పాఠం బాబాయికి బాగా గుర్తుంది. పుట్టిన తేదీ అడిగాడు. ఇద్దరూ జనవరి ఒకటే! అసలు తేదీ తెలియని ఆ తరంలో చాలామందికి కార్డుల్లో ఉండేది అదే. సంవత్సరం కూడా 1952కే వచ్చి ఆగింది. ఫోన్ నంబరు అడిగితే, "మా వాడిదిచ్చామండీ, మాకు నోటికి రాదు" అని ఇద్దరూ ఒకే మాట. ఫైలు మీద యూహెచ్ఐడీ, అంటే ఒక్కో పేషెంటుకు విడిగా ఇచ్చే నంబరు ఉంది గానీ, అది ఉన్న కార్డులు ఇద్దరివీ ఇంట్లో క్షేమంగా ఉన్నాయి.

ఒకే పేరుతో ఇద్దరు పట్టాదారులుంటే సర్వే నంబరుతో తేల్చేవాడు బాబాయి. ఇక్కడా అలాంటిదేదో ఉండాలిగా! ఆ పేరు మీదున్న రెండు ఫైళ్లూ తెరిచి చూసి, గొంతు సవరించుకుని, వీధి చివరికి వినబడేలా పిలిచాడు.

"మొలల వెంకటరమణ గారూ!"

ఇద్దరూ ఠక్కున కూర్చున్నారు. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పోనీ, షుగర్ వెంకటరమణ గారూ!"

ఇద్దరూ లేచారు. కడపాయన ముందున్నాడు, గబగబా లోపలికి నడిచాడు. షుగర్ ఫైలు ఆయన వెనకే వెళ్లింది. అద్దం తలుపు పూర్తిగా మూసుకోలేదు, మాటలు మాకూ వినబడ్డాయి.

"కూర్చోండి. పరగడుపున ఎంత వచ్చింది?"

"నిలబడే చెప్తానమ్మా, కూర్చోలేను."

లోపల డాక్టరమ్మ ఫైలు చూసి, ఆయన్ని చూసి, మళ్లీ ఫైలు చూస్తూ ఉండాలి. బయట కోలారు ఆయన పరిస్థితి ఇంకా ఘోరం. షుగర్ మనిషి లోపలికి వెళ్లాడంటే మిగిలిన ఈయనెవరో హాలంతా లెక్క తేల్చేసుకుంది. పక్క సీటు పెద్దావిడ తన శాలువా మడిచి ఆయన కుర్చీలో వేసి, "కంద బాగా తిను నాయనా, కారం మానెయ్" అంది.

"నాది షుగరమ్మా!"

"అవున్లే నాయనా. మా ఆయనా మొదట్లో గ్యాసనే చెప్పుకున్నాడు."