పల్లీలతో ఐదో వంతెన

“మరమ్మతుల నిమిత్తం వంతెనపై రాకపోకలు నిలిపివేయడమైనది.”

ఈ వాక్యాన్ని గోదావరికి చెరో ఒడ్డున ఉన్న రాజమండ్రి, కొవ్వూరు పిల్లలకు ఒకటో తరగతిలోనే నేర్పించాలని నా మనవి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, వ అంటే వంతెన మూసేశారు. ఈ రెండూళ్లలో బతికేవాడికి చివరిదాకా పనికొచ్చే చదువు అదే.

మూసేది రోడ్డు కమ్ రైలు బ్రిడ్జిని. 1974 నాటిది. కింద రైళ్లు, పైన మనం. 2023 సెప్టెంబరు చివర్లో మూసి బాగుచేశారు. నా నడుం మాత్రం ఇంకా మరమ్మతులోనే ఉంది.

ఊళ్లో చర్చ దీని గురించేనని అనుకుంటే మీరు ఉత్త అమాయకులు. చర్చంతా తర్వాత ఏం కట్టాలన్నదే. గోదావరి మీద మాకున్నవి నాలుగే మరి! 1900లో తెరిచిన హేవలాక్ బ్రిడ్జి 1997లో రిటైరైంది. దాన్ని టూరిస్టు స్పాట్ చేస్తామని వచ్చినవాళ్లంతా పెళ్లిచూపులకొచ్చి కాఫీ తాగి వెళ్లారు. చివరికి 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టు పేరుతో తాంబూలాలు పుచ్చుకున్నారు. కట్నం సుమారు 94 కోట్లు. 2027 పుష్కరాలకైనా మూడుముళ్లు పడితే చాలు. ఆర్చి బ్రిడ్జి రైళ్లకి పనికొస్తుంది, మనకి సెల్ఫీలకి. 2015లో తెరిచిన గామన్ బ్రిడ్జి ఊరికి ఎగువన లారీల సేవలో ఉంది.

మొన్న సాయంత్రం గోదావరి గట్టు మీద ఈ చర్చను కళ్లారా చూశాను. రిటైరైన పెద్దమనుషులు నలుగురు మెట్ల మీద పాత పేపరు పరిచారు. ఒకాయన దాని మీద రోజ్‌మిల్క్ కాస్త ఒంపి, “ఇదండీ గోదావరి” అన్నారు. గోదావరి గులాబీరంగులో పారి పక్కాయన పంచె తడిపింది. మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయింది. పల్లీలు స్తంభాలయ్యాయి. ఐదో వంతెన కావాలనే మాస్టారు చకచకా పద్నాలుగు నాటేశారు. “ఊళ్లో ఫ్లైఓవర్ లేకుండా, ఆ వంతెన దిగి ఎక్కడికి పోతారండీ?” అంటూ ఫ్లైఓవర్ పక్షం ఆయన మూడు స్తంభాలు పెరికి ఊళ్లోని దేవీచౌక్ కూడలికి తరలించారు. హేవలాక్ అభిమానికి పల్లీలే మిగల్లేదు. చారిత్రక కట్టడాలకు ఎప్పుడూ ఇదే అన్యాయమని కళ్లనీళ్లు పెట్టుకుని, ఎదుటివారి స్తంభం ఒకటి నోట్లో వేసుకున్నారు. పుచ్చుది. నాసిరకం పని! టెండరు రద్దు. ఇంకో పొట్లం తెప్పించారు, అంచనాలు సవరించారు. ఇంతవరకూ మర్యాదగానే సాగింది. శంకుస్థాపన ఎవరు చేయాలన్న దగ్గర గొంతులు లేచాయి. శిలాఫలకం మీద పేర్ల వరస తేలనిదే గోదావరి దాటడం కుదరదని మాత్రం నలుగురూ ఒప్పుకున్నారు.

పల్లీలమ్మే ఆవిడ అంతసేపూ నిలబడే ఉంది. “డబ్బులిప్పించండి బాబూ. కొవ్వూరెళ్లాలండి. బ్రిడ్జి మూసేత్తారంట, సుట్టూ తిరిగెళ్లాల.”

“ఏ బ్రిడ్జమ్మా?” అన్నారు మాస్టారు, తన పల్లీల వంక కంగారుగా చూసుకుంటూ.

నేనూ నవ్వాను. తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. ఆవిడ చుట్టూ తిరిగి వెళ్లడమంటే ఆ రోజు సంపాదన ఆటో చేతిలో పోయడం. అవతలి ఒడ్డున నొప్పులు మొదలైన మనిషిని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకురావాలంటే, నొప్పులు మన మరమ్మతుల షెడ్యూలు చూసుకుని వస్తాయా? కాలేజీ పిల్లలు, పొద్దున్నే పనికొచ్చే కూలీలు, వీళ్లలో ఎవరు అడిగారండీ ఐదో వంతెన? ఉన్నదాన్ని సరిగ్గా ఉంచమన్నారు, అంతే! వాననీరు పోయే గొట్టంలో మట్టి తీస్తే శిలాఫలకం వేయరు. అతుకులు వదులవకముందే బిగిస్తే రిబ్బను కట్టరు. అందుకే ఎవడికీ పట్టదు. కొత్తదానికి కొబ్బరికాయ కొట్టడానికి మాత్రం ఒకరినొకరు తోసుకుంటారు. వాళ్లననేం లాభం, చప్పట్లు కొట్టేది మనమే కదా!

ఆవిడకి రావాల్సింది మూడు పొట్లాల డబ్బు. రెండింటికే ఇచ్చారు. మూడోది ఇంకా నిర్మాణంలో ఉందట.