ఆల్చిప్పలో బంగారు తీగలట!

ఆ ఫార్వర్డ్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపినవాడు సైన్సు చదువుకున్నవాడే. "కోట్ల ఏళ్ల నాటి ఆల్చిప్ప శిలాజంలో వెంట్రుక కంటే సన్నటి బంగారు తీగల సర్క్యూట్! పూర్వీకుల టెక్నాలజీ! శాస్త్రవేత్తలు దాస్తున్న నిజం!" కింద ఓ ఫొటో.

ముందు ఆ ఫొటో సంగతి. అవి తీగలు కావు, నాచు, ఫంగస్ లాంటి సూక్ష్మజీవులు చిప్పలో తొలిచిన సొరంగాల అచ్చులు. చిప్పను వ్యాక్యూమ్‌లో పెట్టి, అందులోని సన్నటి బొరియల్లోకి పల్చటి రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) ఎక్కిస్తారు. అది గట్టిపడ్డాక పలచని యాసిడ్‌లో వేస్తే చిప్ప బుడగలు కక్కుతూ కరిగిపోతుంది, బొరియల్లోని రెసిన్ పోగులు పోగులుగా నిలబడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద బాగా కనబడాలని దానికి బంగారు పూత వేస్తారు. బంగారం ఉన్నమాట నిజమేనండీ, ల్యాబ్‌వాళ్ళు పూసింది! పైగా ఆ మైక్రోస్కోప్ ఇచ్చేది నలుపు తెలుపు బొమ్మ. ఆ పసుపు రంగు ఎవరో కంప్యూటర్‌లో అద్దారు. అది పూర్వీకులు కాదనే అనుకుంటున్నా.

"అన్నీ ఒకే మందంలో ఉన్నాయి, మిషన్ పనే." నాచు పోగు తన మందానికి సరిపడా తొలుచుకుంటుంది. అంతే.

"మెత్తటి నాచు రాయిని ఎలా తొలుస్తుంది?" మెసేజ్ మొత్తంలో అడగదగ్గ ప్రశ్న ఇదొక్కటే, దాన్నీ వెటకారంగా అడిగారు. తొలవడమంటే ఇక్కడ కరిగించడం. అందులోనూ ఓ చిక్కుంది. కిరణజన్య సంయోగక్రియ జరిగే చోట నీరు క్షారం వైపు మొగ్గుతుంది, అలాంటిచోట చిప్పలోని సున్నం కరగకపోగా పేరుకోవాలి. మరి ఎలా? మాస్టిగోకోలియస్ అనే సయనోబ్యాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు) మీద చేసిన ప్రయోగాల్లో కిటుకు తెలిసింది. అది బొరియ కొసన కాల్షియాన్ని లోపలికి లాగేసుకుని, కణం నుంచి కణానికి అందిస్తూ వెనకవైపు బయటికి వదిలేస్తుంది. కొసన కాల్షియం తగ్గేసరికి అక్కడి సున్నం కరుగుతుంది, పోగు ముందుకు జరుగుతుంది. డ్రిల్లు ఎక్కడండీ ఇందులో?

"దాస్తున్నారు." జీవికో పేరు, అది తొలిచిన బొరియకు వేరే పేరు పెట్టి మరీ అచ్చేస్తున్నారు. ఆస్ట్రియోబియం నాచు చేసే బొరియల వల పేరు ఇక్నోరెటిక్యులినా. కొన్ని జీవులకు మంచి వెలుతురు కావాలి, ఆస్ట్రియోబియంకు మసక వెలుతురు చాలు, ఫంగస్‌కు అదీ అక్కర్లేదు. ఎవరి బొరియలున్నాయో చూసి అప్పటి సముద్రం అక్కడ ఎంత లోతో అంచనా వేస్తారు. దాచేవాళ్ళ లక్షణమేనా ఇది?

ఒక్క వాక్యం మాత్రం ఒప్పుకుంటా: "ప్రతి సన్నటి సొరంగమూ జీవి చేసిందే అనలేం." నిజమే. చెర్ట్ అనే గట్టి సిలికా రాళ్ళలో చిన్న పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గింజలు కదిలి, వెనక అచ్చం ఇలాంటి జాడలే వదులుతాయి. కొన్నిటి కొసన ఆ గింజ ఇంకా ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్‌లో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి లావాల్లో దొరికిన సన్నటి గొట్టాలు సూక్ష్మజీవులవేనా అన్న గొడవ నిపుణుల మధ్యే ఉంది.

ఇక చివరి లైను: "డౌటుంటే ఇంట్లో గవ్వను యాసిడ్‌లో వేసి చూడండి." రెసిన్ ఎక్కించకుండా వేస్తే గవ్వతోపాటే బొరియలూ పోతాయి, చూడ్డానికేమీ మిగలదు. చిందితే కళ్ళు పోతాయి. పంపక తప్పదనుకుంటే ఆ లైను తీసేసి పంపండి, గ్రూపుల్లో పిల్లలున్నారు.