పిల్లల్ని నీళ్ల దగ్గరికి పోకుండా ఆపలేం, ఈత మాత్రం నేర్పగలం

బడులకు సెలవులిచ్చిన మొదటి వారంలోనే మా జిల్లా పేజీల్లోకి ఆ వార్త వచ్చేస్తుంది. ఈతకు వెళ్లి ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి సొంత అన్నదమ్ములు. ఊరు పేరు మారుతుంది, క్వారీ గుంత బదులు చెరువో కాలువో ఉంటుంది, మిగతాదంతా ఒకటే: ఒకడు మునుగుతుంటే కాపాడబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. ఏటా ఇదే వార్త రాయాల్సి రావడం మాకు బాధగానూ ఉంది, కోపంగానూ ఉంది.

హైదరాబాద్‌లో ఎండ 42 డిగ్రీలు దాటితే నీళ్లలో దిగాలని ఎవరికి ఉండదు? డబ్బున్నవాళ్లకు దారులున్నాయి. అపార్టుమెంట్లో పూల్ ఉంటుంది, లేదంటే మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకుంటారు, అదీ కాకపోతే శివార్లలోని వాటర్‌పార్కుకు వెళ్తారు. ఆ పార్కులో మనిషికి వెయ్యి దాటే టికెట్, నలుగురున్న ఇంట్లో దారి ఖర్చులూ తిండీ కలిపితే ఒక కూలీ కుటుంబానికి వారం పది రోజుల సంపాదన. ఆ కుటుంబంలోని పిల్లాడికి దగ్గర్లో ఉన్నది రాయి తీసి వదిలేసిన గుంతే.

ఆ గుంత చెరువులా ఉండదు, ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. చెరువులో అంచు నుంచి లోతు కాస్త కాస్తగా పెరుగుతుంది, మోకాళ్లు, నడుము, గుండెలు అని ఒంటికి తెలుస్తూ ఉంటుంది. క్వారీలో బండను నిలువుగా కోసేస్తారు కాబట్టి ఒక అడుగు రాయి మీద ఉంటే తర్వాతి అడుగుకు కింద నేలే ఉండదు. పై నీళ్లు ఎండకు వెచ్చగా ఉంటాయి, కిందికి పోయేకొద్దీ చల్లదనం ఒక్కసారిగా పట్టేసి ఊపిరి ఎగదన్నుతుంది, పాకుడు పట్టిన బండ మీద చెయ్యి నిలవదు, అందుకే ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ పోతున్నారు. తవ్వకం ఆపేసిన గుంతకు కంచె వేయాలని గనుల నిబంధనల్లోనే ఉంది. ఎన్ని గుంతలకు వేశారో కలెక్టర్లు వేసవికి ముందే లెక్క తీయాలి. విజయవాడలో కృష్ణ ఘాట్ల దగ్గర ఇదే ప్రమాదం ఇసుక గుంతల రూపంలో ఉంది, నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు మనిషి మునిగే గొయ్యి ఉండొచ్చు.

ప్రమాదం జరిగిన మర్నాడు ‘ఇక్కడ ఈత నిషేధం’ అని బోర్డు పాతుతారు. బోర్డు వద్దని మేము అనడం లేదు. కానీ వద్దన్న చోటికి బదులు ఎక్కడికి వెళ్లాలో చెప్పని బోర్డు పదమూడేళ్ల పిల్లాడిని ఆపుతుందని మేము నమ్మం.

ఒకప్పుడు మన ఊళ్లలో ఈత నేర్పడం పెద్దవాళ్ల పనుల్లో ఒకటి. ఎండిన సొరకాయ బుర్రలో మునగ బెండ్లో నడుముకు కట్టి, తాడు ఒక కొస తన చేతిలో పెట్టుకుని తండ్రో మేనమామో బావిలోకి దింపేవాడు. వాళ్ల పిల్లలు నగరానికొచ్చారు, బావులు పూడిపోయాయి, నేర్పే మనిషి పొద్దున పోయి రాత్రికి ఇంటికొస్తున్నాడు. ఆ ఖాళీని నింపాల్సింది ఇప్పుడు బడి, మున్సిపాలిటీ. జీహెచ్‌ఎంసీ వేసవి కోచింగ్ క్యాంపుల్లో నామమాత్రపు ఫీజుకు ఈత నేర్పుతోంది, మంచి పనే, కాకపోతే కోటి మంది నగరంలో ప్రభుత్వ పూల్స్ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే బస్తీ పిల్లాడి వంతు ఎప్పటికొస్తుంది? ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్లకంటూ ఒక వేళ, నేర్పే మహిళా కోచ్, బట్టలు మార్చుకునే గది లేకపోతే ఇంట్లో పంపరు.

డబ్బులేవి అంటారేమో. బంగ్లాదేశ్ పల్లెల్లో టైల్స్ వేసిన పూల్స్ కట్టలేదు. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో అడుగున కాళ్లు ఆనే వేదిక, చుట్టూ కంచె కట్టి, శిక్షణ పొందిన స్థానికుల చేత వేలాది పిల్లలకు ఈత నేర్పించారు. బడి వయసు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు. ఇంతమందిని తీసుకుపోతున్న దానికి పాఠశాల టైమ్‌టేబుల్లో ఒక్క పీరియడ్ కూడా లేదు.

చేయాలనుకుంటే మనవాళ్లు చేయగలరు. విశాఖలోని రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, అది దక్కాలన్నా నిలవాలన్నా స్నానానికి హద్దు గీసిన చోటు, లైఫ్‌గార్డులు, నీటి పరీక్షలు ఉండి తీరాలి. ఆ పద్ధతిలో కొంతైనా విశాఖ మిగతా తీరమంతా అమలు కావాలి, సముద్రం లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలన్న ముక్క పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టాలి. హుస్సేన్‌సాగర్‌లో ప్రభుత్వ బడుల పిల్లలు సెయిలింగ్ నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. అవకాశం ఇస్తే బస్తీ పిల్లలు నీటి మీద ఎంత దూరం పోగలరో వాళ్లే చూపించారు. అయితే కూకట్‌పల్లి నాలా మురుగు కలుస్తున్నంత కాలం ఆ సాగర్‌లో పడవే తప్ప ఈత కుదరదు. పారిస్‌లో సెన్ నదిలో 1923 నుంచి ఈత నిషేధం, మురుగు కలవకుండా భారీగా ఖర్చుపెట్టి 2025 జులైలో మళ్లీ జనాన్ని దింపారు. మన చెరువుల శుద్ధికి కూడా అలాంటి గడువు ఒకటి పెట్టుకోవాలి.

పడవ షికార్ల గురించి ఒక్క మాట. 2017లో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర 20 మందికి పైగా, 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర 40 మందికి పైగా పోయారు. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లాభం లేదు, అందరికీ బిగించి కట్టాకే పడవ కదలాలి, కట్టకపోతే దిగిపొండి.

ఈ వేసవికే పనికొచ్చే విషయం కూడా చెప్పాలి. ఎవరైనా మునుగుతుంటే దూకకండి, తాడో చున్నీయో కర్రో ఖాళీ నీళ్ల డబ్బానో విసరండి, అరిచి పెద్దవాళ్లను పిలవండి. బయటికి తీశాక పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం మన దగ్గర ఇంకా చేస్తున్నారు, దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేయాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.