రిజర్వ్ లైటు చూసి మైలేజీ లెక్క కట్టకండి

"రిజర్వ్ లైటు వెలిగాక అయిదొందల పెట్రోలు కొట్టించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ లైటు వెలిగేదాకా నడిచిన కిలోమీటర్లతో మైలేజీ తేలిపోతుంది. అంత ఓపిక లేకపోతే కారు డిస్‌ప్లేలో చూపే మైలేజీ చూసుకోండి. ట్రిప్ బి అనే రెండో ట్రిప్ మీటరు దండగ. కంపెనీ చెప్పినంత రాకపోతే ఇంజన్ పాడైనట్టే." ఈ వాట్సాప్ మెసేజ్ నాకు నెలలో ముగ్గురు పంపారు. దీన్ని నమ్మి మా బావగారు విశాఖ గాజువాకలో తన కారుకి బాగున్న ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) విప్పించేశారు. అందుకే రాస్తున్నాను.

ముందు లైటు సంగతి. ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ కిందికి దిగితే అది వెలుగుతుంది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు ఒక పక్కకి ఒరిగి ముందే వెలగొచ్చు, కిందికొచ్చాక ఆరిపోవచ్చు. పైగా అయిదొందలకి వచ్చేది సుమారు నాలుగున్నర లీటర్లు. అందులో అర లీటరు అటూ ఇటూ అయినా లెక్క పది శాతం పైనే తప్పుతుంది.

ఫుల్ ట్యాంకే కొట్టించాలి. నాజిల్ టక్కుమని మొదటిసారి ఆగగానే చాలనండి, ట్రిప్ ఎ సున్నా చేయండి. మళ్లీ వెళ్లినప్పుడు వీలైతే అదే బంకు, అదే పంపు, అదే మొదటి టక్కు. "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్?" అని కుర్రాడు అడుగుతాడు. వద్దనండి. ఆపైన కుక్కితే లెక్క చెడడమే కాదు, ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి పెట్రోలు చేరొచ్చు కూడా.

మొన్న మద్దిలపాలెంలో నా స్లిప్పు మీద 26.1 లీటర్లు, ట్రిప్ ఎ మీద 412 కిలోమీటర్లు. భాగిస్తే 15.8. అప్పుడు డిస్‌ప్లే మీద 17.2 ఉంది. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కారు వేసుకునే అంచనా అది. నెమ్మదిగా నడిపితే పెరిగిందా లేదా చూసుకోడానికి బాగుంటుంది, డబ్బు లెక్కకి పనికిరాదు.

ట్రిప్ బి దండగనడం మాత్రం అన్యాయం. అయిదారు ట్యాంకుల దాకా దాన్ని ముట్టుకోకండి, పట్టిన లీటర్లన్నీ కూడుకుంటూ పోండి. ఒకసారి లీటరు తక్కువ పడితే తర్వాతిసారి ఆ లీటరు ఎక్కువ పడుతుంది. మధ్యలో తప్పులు వాటికవే చెల్లిపోయి, మొదటి ఫిల్లింగుకీ చివరి ఫిల్లింగుకీ ఉన్న తేడా ఒక్కటే మిగులుతుంది. 30 లీటర్లలో లీటరు తప్పితే మూడు శాతం పైన, 150 లీటర్లలో ఒక శాతం కూడా కాదు. బ్యాటరీ తీస్తే కొన్ని కార్లలో ట్రిప్ మీటర్లు చెరిగిపోతాయి, కాబట్టి స్లిప్పు వెనక ఓడోమీటరు (కారు మొత్తం తిరిగిన కిలోమీటర్ల) అంకె కూడా రాసుకోండి.

ఇక కంపెనీ అంకె ల్యాబులో రోలర్ల మీద తీసింది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ పావుగంట అందులో ఉండదు. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌కి లీటరుకి శక్తి మూడో వంతు తక్కువ. మీ కారుని దాని పాత అంకెలతోనే పోల్చండి.

ఇంజెక్టర్లు మళ్లీ బిగించాక బావగారి కారుకి ఇలాగే లెక్క తీశాం. ఊళ్లో తిరిగిన ట్యాంకుకి 14.5 వచ్చింది, శ్రీకాకుళం వెళ్లొచ్చిన ట్యాంకుకి 18.9.